పికప్‌కి అదనపు రివర్స్ లైట్లు: ఏది మేలు?

చీకట్లో పికప్‌ని వెనక్కి తీయడం ఎంత టెన్షనో, తీసినవాళ్లకే తెలుస్తుంది. బండితో వచ్చే రివర్స్ బల్బు సాధారణంగా 16 లేదా 21 వాట్లది. వెనక అద్దానికి నల్ల ఫిల్మ్ అంటించి ఉంటే ఆ కాస్త వెలుగూ లోపలికి అందదు.

అన్నిటికన్నా సులువు, ఉన్న బల్బు తీసి ఎల్‌ఈడీ బల్బు పెట్టుకోవడం. పది నిమిషాల పని. వెలగకపోతే తిరగేసి పెట్టి చూడండి, కొన్నిటికి ప్లస్ మైనస్ తేడా ఉంటుంది. రాత్రిపూట ఇంటి ముందు బండి పెట్టుకోవడానికి ఇది చాలు. కానీ ఆ లైటు డబ్బా లోపలి అద్దం ఫిలమెంట్ బల్బు కోసం చేసింది. ఎల్‌ఈడీ వెలుగు తెల్లగా వచ్చినా సరిగ్గా పరుచుకోదు, దూరం పెద్దగా పెరగదు.

అసలు తేడా తెలియాలంటే విడి లైట్లే బిగించాలి. ఎక్కడ అన్నదే ప్రశ్న. క్యాబిన్ వెనక ఎత్తులో పెడితే ట్రైలర్ తగిలించినా దాని పక్కల దాకా వెలుగు పడుతుంది, నిజమే. కానీ సగం వెలుగు బండి తొట్టిలోనే పడి తిరిగి కళ్లలోకి కొడుతుంది. పైగా సరుకు ఎత్తుగా వేస్తే లైటు దాని వెనక దాక్కుంటుంది. బంపర్ కింద వేలాడదీస్తే గుంతలు, రాళ్లు నీడలతో సహా స్పష్టంగా తెలుస్తాయి, కాకపోతే బురద పేరుకుంటుంది, రాయి తగిలితే పగులుతుంది. నా ఓటు బంపర్‌లోకే చెక్కి కూర్చోబెట్టే రెండు చిన్న లైట్లకు. దూరం కొట్టేవి కాదు, వెడల్పుగా పరిచే ఫ్లడ్ రకం తీసుకోండి. ఒక్కోదాన్ని కాస్త బయటి వైపుకు తిప్పితే మూలలు కూడా కనిపిస్తాయి.

వైరింగ్ దగ్గర మాత్రం అస్సలు తొందరపడొద్దు. రివర్స్ లైటు వైరుకే నేరుగా కలిపేయడం చవక. కానీ 18 వాట్ల లైట్లు రెండంటే 36 వాట్లు, 12 వోల్టుల మీద 3 ఆంపియర్లు. ఆ సన్న వైరుకు అది అదనపు బరువు. కొత్త బళ్లలో కంప్యూటర్ తేడా పసిగట్టి హెచ్చరిక చూపించవచ్చు కూడా. రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్, పెడితే రివర్స్ వైరు మీద పావు ఆంపియర్ భారం కూడా పడదు. అసలు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా రిలే 30వ పిన్నుకు వచ్చి, 87వ పిన్ను నుంచి లైట్లకు వెళుతుంది. రివర్స్ వైరు 86కి, ఎర్తు 85కి. ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి. ఛాసిస్‌కి రాసుకుని వైరు తోలు ఊడితే అదే కాపాడుతుంది.

నా బండికి మొదట వైరు కోయకుండా గుచ్చే క్లిప్పులు వాడారు. ఒక వానాకాలం గడిచేసరికి లైట్లు మినుకుమనడం మొదలైంది. క్లిప్పు విప్పితే రాగి తీగకు పచ్చని చిలుము పట్టింది, వేళ్లతో నలిపితే పొడిలా రాలింది. అప్పటినుంచీ టంకం వేసి, పైన వేడికి బిగుసుకునే గొట్టం తొడిగితే తప్ప నేను ఒప్పుకోను.

ఆగి ఉన్నప్పుడూ వెలిగేలా విడి స్విచ్ కావాలంటే పెట్టుకోండి, అయితే ఎర్ర సూచిక లైటున్నదే పెట్టండి. మర్చిపోయి ముందుకు నడిపితే వెనక వచ్చేవాళ్ల కళ్లు బైర్లు కమ్ముతాయి, చాలా దేశాల్లో అది నేరం కూడా.

చివరగా, చీకటి పడ్డాక బండి ఆపి, రివర్స్ కెమెరా తెర చూస్తూ లైట్లను కిందికి వంచండి. నేల కనిపిస్తూ, తెర తెల్లబారకుండా ఉన్న చోట బోల్టు బిగించేయండి.