రెండు రోజుల సందర్శనా, నెల రోజుల నివాసమా?

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, తనకు మఠజీవితానికి దైవపిలుపు ఉందేమోనని ఆలోచిస్తున్న తెలుగు కతోలిక యువకుడు ఏదైనా సన్యాస సభను చూడాలనుకుంటే, ఎన్నాళ్లు ఉండాలన్నదే మొదటి ప్రశ్న.

ఖర్చు: వారాంతపు సందర్శనకు సెలవు అక్కరలేదు. నెల రోజుల నివాసానికి జీతం లేని సెలవు, ఖాళీ గదికి అద్దె, ఊళ్లో అమ్మానాన్నలకు ఇవ్వవలసిన సంజాయిషీ తోడవుతాయి. ఈ మూడింటిలో చివరిదే బరువు.

అనుభవం: అతిథిని క్రీస్తుగానే భావించి చేర్చుకోమని పునీత బెనెడిక్టు నియమావళి 53వ అధ్యాయం చెబుతుంది, చేరదలచినవాడికి సులువుగా ప్రవేశమివ్వవద్దని 58వ అధ్యాయం హెచ్చరిస్తుంది. బెంగళూరులో కెంగేరి వైపున్న ఆశీర్వనం వంటి, ఆ నియమావళిని పాటించే బెనెడిక్టీన్ మఠంలో రెండు రోజులుంటే 53వ అధ్యాయమే అనుభవంలోకి వస్తుంది. మౌనం విసుగు పుట్టించడం, పక్కవాడి అలవాట్లు చికాకు పెట్టడం, అయినా మరునాటి ఉదయం ప్రార్థనకు లేవడం మూడో వారంలో గాని తెలియవు.

ముప్పు: పొట్టి సందర్శనలో ముచ్చటపడి తొందరపడవచ్చు. నెల ఉంటే చుట్టాలు ‘ఫాదర్ అయిపోతున్నాడు’ అని ప్రచారం చేస్తారు. నిజానికి తిరుసభ చట్టం ప్రకారం నోవిషియేటే (వ్రతాలకు ముందు ఉండే శిక్షణ కాలం) కనీసం 12 నెలలు, ఆపై తాత్కాలిక వ్రతాలు కనీసం 3 ఏళ్లు. కాబట్టి నెల తర్వాత తిరిగిరావడం మాట తప్పడం కాదు.

ఏ సభో తేలనివారికి రెండు మూడు చోట్ల వారాంతపు సందర్శనలు మేలు. ఒకే సభ వైపు మనసు పదేపదే లాగుతుంటే, ఆత్మీయ మార్గదర్శి కూడా అంగీకరిస్తే, నెల రోజుల నివాసమే తగినది.