నాలుక గీకి చూపి అమ్మే చూర్ణంతో జాగ్రత్త

తిరుపతి గాంధీ రోడ్డు వైపు ఒక దుకాణంలో గొంతు గరగరకూ, నాలుక మీది పాచికీ కలిపి ఒకే మూలికా చూర్ణం అమ్ముతున్నారు. కొనబోయేవారు ముందు ఇది చదవాలని మనవి.

అక్కడ బేరమంతా ఒక స్టీలు చెంచాతోనే కుదురుతుంది. నాలుక చాపమని, చెంచా అంచుతో లోపలి నుంచి ముందుకు గీకి, అంటుకున్న తెల్లటి జిగురును టార్చిలైటు వెలుగులో చూపి, “కడుపులోని విషం పైకి తేలుతోంది, గొంతు మంట దీనివల్లే” అంటారు. రాలిన కణాలు, ఆహారపు నలుసులు, బ్యాక్టీరియా కలిసి పాచి కడుతుంది కాబట్టి ఆరోగ్యవంతుల నాలుకను గీకినా ఎంతో కొంత వస్తుంది. నీళ్లు తక్కువ తాగేవారికీ, నోటితో గాలి పీల్చేవారికీ, పొగ తాగేవారికీ మరికాస్త ఎక్కువ. తన నోట్లోంచే వచ్చింది కనుక ఎవరైనా నమ్మేస్తారు.

మా మామగారు 1200 రూపాయలు పోసి తెచ్చుకున్న డబ్బా మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, కలిపిన దినుసుల పట్టిక ఏవీ లేవు. బిల్లు అడిగినా ఇవ్వలేదు. షుగరు ఉందని చెప్పినా పూటకు రెండు చెంచాల తేనెలో రంగరించి నాకమన్నారు. కొన్ని వారాలకు పాచి తగ్గకపోగా బుగ్గల లోపల పెరుగు తరకల్లాంటి మచ్చలు లేచాయి. వాటిని తుడిస్తే కింద ఎర్రగా పుండుపడినట్టు కనిపించేది, కారం నోట పెట్టలేకపోయారు.

రుయా ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో చూసి, ఇది కాండిడా అనే ఫంగస్ అని, షుగరు అదుపు తప్పినవారికి సులువుగా సోకుతుందని చెప్పి, నోట్లో పూసే క్లోట్రిమజోల్ రాశారు. యాంటీబయాటిక్స్ వాడినవారికీ, ఆస్తమా స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించనివారికీ ఇదే రావచ్చట. గొంతు గరగరకు కారణం మాత్రం వేరు: ఆలస్యంగా తిని వెంటనే పడుకోవడంతో కడుపులోని ఆమ్లం గొంతు దాకా ఎగదన్నుతోంది. ఛాతీలో మంట లేకుండానే ఇలా జరగవచ్చు. కొందరికి ముక్కు వెనక నుంచి గొంతులోకి జారే శ్లేష్మమూ కారణమవుతుంది. ఇన్నింటికీ ఒకే డబ్బా ఎలా పనిచేస్తుందో అమ్మేవారే చెప్పాలి.

ఆయుర్వేదమే కావాలనుకునేవారికి టీటీడీ ఆయుర్వేద వైద్యశాల ఊళ్లోనే ఉంది. తుడిచినా పోని తెల్ల మచ్చ, మూడు వారాలు దాటిన గొంతు బొంగురు, మింగుడు పడకపోవడం ఉన్నవారు, ముఖ్యంగా పొగాకు అలవాటున్నవారు, ఏ చూర్ణంతోనూ కాలయాపన చేయరాదు. ఇప్పటికే మోసపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. డబ్బా పారేయకుండా దాచిపెట్టండి.