స్టాండ్ మిక్సర్ అసలు సత్తా పూరీ పిండి దగ్గర తేలిపోతుంది

స్టాండ్ మిక్సర్ అంటే గిన్నెలో పిండి కలిపే, గిలక్కొట్టే మిషన్. డబ్బా మీద 1000 వాట్లు, ఐదు లీటర్ల స్టీలు గిన్నె, తల పైకి లేచే రకం. తిరుపతిలో ఇంట్లో బ్రెడ్డుకీ కేకులకీ చాలా కాలంగా వాడుతున్న మిక్సర్ ఇది. కేకుల వరకు వంక పెట్టడానికి లేదు, బన్నుల పిండి కూడా చక్కగా సాగేలా కలుపుతుంది. పూరీ పిండి మాత్రం దీనికి పడదు.

అరకిలో మైదాకి 325 మి.లీ. నీళ్లు పోస్తే బన్నుల పిండి. హుక్కు (పిండి కలిపే వంకర కడ్డీ) రెండో స్పీడు మీద ఎనిమిది పది నిమిషాల్లో పని ముగిస్తుంది. మధ్యలో ఓసారి ఆపి మోటారుకు ఊపిరి ఇస్తే చాలు. పూరీ పిండికి అరకిలోకి 250 మి.లీ. దాటి పోయం కదా, ఆ గట్టి ముద్ద హుక్కుకు చుట్టుకుని తల ఎగిరెగిరి పడుతుంది. మోటారు కాలిన వాసన వస్తుంది, కీలు దగ్గర పిన్ను వదులవుతుంది. ఇంట్లో రోజూ పూరీలూ చపాతీలకే మిషన్ కావాలంటే గిన్నె పైకి లేచే రకం చూడండి, లేదా చేత్తోనే కలుపుకోండి.

వాట్లు చూసి కొనకండి. ఆ అంకె మోటారు లాగే కరెంటుది, హుక్కు దగ్గరికి చేరే బలానిది కాదు. కిచెన్‌ఎయిడ్ వాళ్ల 4.8 లీటర్ల మిషన్ 300 వాట్లే, అయినా గేర్లతో నేరుగా తిప్పుతుంది కాబట్టి పిండికి లొంగదు. లీటర్లు కూడా అంతే. మాన్యువల్లో గరిష్ఠంగా ఎంత మైదా వేయొచ్చో, ఆగకుండా ఎన్ని నిమిషాలు తిప్పొచ్చో రాసి ఉంటుంది. కొట్లో అడగాల్సింది ఆ రెండూ.

మన ఎండల సంగతి వేరే. బ్రెడ్డు పిండి కలిపాక 26 డిగ్రీల దగ్గర ఉండాలి. లెక్క తేలిక: 26కి మూడింతలు 78, అందులోంచి గది వేడి, మైదా వేడి తీసేస్తే నీళ్ల వేడి వస్తుంది. మే నెలలో వంటగది 36, మైదా 36 అనుకుంటే నీళ్లు 6 డిగ్రీలు. హుక్కు రాపిడికి పుట్టే వేడి కూడా కలిపితే అదీ చాలదు. అందుకే 325 గ్రాముల నీళ్లలో వంద గ్రాములు తగ్గించి అంతే బరువు ఐసు ముక్కలు వేయాలి, మైదాని ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టాలి. లేకపోతే పిండి జిగటగా అంటుకుంటుంది. దాన్ని చూసి చాలామంది ఇంకాస్త మైదా చల్లుతారు, బన్ను గట్టిపడేది అక్కడే. వెన్న గిలక్కొట్టడానికీ ఫ్రిజ్‌లోంచి తీసి, ముక్కలు కోసి, వెంటనే వేయాలి. గది వేడికి మెత్తబడేదాకా ఆగితే కరిగిపోతుంది, గాలి పట్టదు.

ఒక్క గుడ్డు తెల్లసొన ఈ గిన్నెలో విస్క్‌కి (గిలక్కొట్టే తీగల బుట్టకి) అందదు, కనీసం మూడు కావాలి. బీటర్ (కేకు పిండి కలిపే బల్లపరుపు తెడ్డు) అడుగుకు అందుతోందా అని చూడటానికి గిన్నెలో రూపాయి బిళ్ల వేసి చిన్న స్పీడులో తిప్పండి. ప్రతి చుట్టుకీ బిళ్ల కొంచెం జరగాలి. కదలకపోతే తల కింద ఉండే స్క్రూ తిప్పి బీటర్‌ని దించాలి. అన్ని మిషన్లకీ ఈ స్క్రూ ఉండదు, ఉన్నదాన్నే తీసుకోండి. ఎగ్‌లెస్ కేకు అయితే మైదా వేశాక మిషన్ ఆపేసి గరిటెతో కలపడమే మేలు. ఎక్కువ తిరిగితే కేకు రబ్బరులా సాగుతుంది.

పూత లేని అల్యూమినియం బీటర్లను డిష్‌వాషర్‌లో పెట్టకండి, నల్లబడి పిండికి మసి అంటుతుంది. ఎండాకాలంలో వాడకుండా ఉంచితే గేర్లలోని గ్రీజు నుంచి నూనె విడిపోయి బీటర్ తగిలించే కడ్డీ వెంట కారుతుంది. గిన్నె పెట్టేముందు దాన్ని పొడిగుడ్డతో తుడవాలి. కారడం ఆగకపోతే గ్రీజు మార్పించాల్సిందే. ఆ పని తిరుపతిలోనే చేస్తారా, మిషన్‌ని చెన్నైకి పంపాలా అన్నది కొనకముందే కనుక్కోండి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చే మిషన్లు 120 వోల్టులవి. నేరుగా మన ప్లగ్గులో పెడితే కాలిపోతాయి. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి, దాని సామర్థ్యం మిషన్ వాట్లకు రెట్టింపు ఉండాలి.