పుర్రె అతుకు ముందే మూసుకుంటే: ఎండోస్కోపీయా, పెద్ద ఆపరేషనా?

పసివాడి తల ముందుకీ వెనక్కీ పొడుగ్గా సాగినట్టుంటే మన ఇళ్లలో నూనె రాసి ఒత్తుతారు, స్నానాలు పోస్తుంటే సర్దుకుంటుందిలే అంటారు. ఒకే పక్కన పడుకోబెట్టడం వల్ల చదునైన తల నిజంగానే చాలావరకు సర్దుకుంటుంది. పుర్రె ఎముకల మధ్య అతుకు ముందే మూసుకుపోతే మాత్రం ఎంత ఒత్తినా లాభం లేదు. దీన్నే క్రేనియోసినోస్టోసిస్ అంటారు. 2,000 నుంచి 2,500 మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. ఎక్కువగా మూసుకునేది నడినెత్తి అతుకు.

డాక్టర్ ఆపరేషన్ అనగానే అమ్మానాన్నలను పీడించే ప్రశ్న ఒకటే: ఎలా చేయిస్తే బిడ్డ తెలివికి మేలు?

దారులు రెండు. మొదటిది ఎండోస్కోపీ: చిన్న గాట్లలోంచి సన్నని కెమెరా గొట్టం పంపి, మూసుకున్న అతుకు దగ్గర ఎముకను తీసేస్తారు. ఇది మూడు నెలల వయసు ప్రాంతంలో చేయాలి. ఆరు నెలలు దాటాక ఎముక గట్టిపడి ఈ పద్ధతి అంతగా పనికిరాదు. చిన్న గాట్లు, తక్కువ రక్తస్రావం, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి. అసలు కష్టం ఆ తర్వాతే. తలను సరైన ఆకారంలోకి తెచ్చే హెల్మెట్ రోజుకు 23 గంటలు, అదీ నెలల తరబడి. తల పెరిగేకొద్దీ దాన్ని సరిచేయించడానికి తిరగాలి. మన ఎండాకాలంలో చెమటకు చర్మం పాడవకుండా చూసుకోవడం తల్లికి పెద్ద పనే.

రెండోది పెద్ద ఆపరేషన్. దీన్ని సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది లోపు చేస్తారు. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కోసి, ఎముకలు విడదీసి మళ్లీ అమరుస్తారు. రక్తం ఎక్కించాల్సి రావడం మామూలే. హెల్మెట్ బాధ మాత్రం ఉండదు.

ఇక తెలివి సంగతి. ఈ రెండిట్లో ఒకటి స్పష్టంగా మేలని పరిశోధనలు తేల్చలేదు. ఆపరేషన్ త్వరగా చేయిస్తే మంచిదని కొన్ని అధ్యయనాలు అంటున్నాయి, అన్నీ కాదు. ఒక్క అతుకే మూసుకున్న పిల్లల్లో ఎక్కువమంది తెలివి మామూలుగానే ఉంటుంది. కానీ మాట ఆలస్యం కావడం, చదవడంలో తడబాటు, ధ్యాస నిలవకపోవడం తోటి పిల్లల్లో కన్నా కొంత ఎక్కువ. నడినెత్తి అతుకుతో పోలిస్తే నుదుటి అతుకు మూసుకున్నవాళ్లలో ఇవి ఇంకాస్త ఎక్కువగా కనబడతాయి. ఏపర్ట్, క్రూజాన్ లాంటి జన్యు సమస్యలతో వచ్చేది వేరే కథ. అక్కడ మెదడుపై ఒత్తిడి భయం ఎక్కువ, కంటి పరీక్షలు తప్పవు.

నా మాట ఇది. మూడో నెలలోనే తెలిసి, హెల్మెట్ కోసం తిరిగే వీలుంటే ఎండోస్కోపీ. ఎనిమిదో నెలలో తెలిస్తే పెద్ద ఆపరేషనే. ఆలస్యం చేసి బిడ్డ బుర్ర పాడుచేశామని ఆ తల్లి కుమిలిపోవాల్సిన పనిలేదు. ఏది చేయించినా, తల గుండ్రంగా వచ్చిందని ఫాలో-అప్ మానేయడమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. చదువులో ఇబ్బంది బయటపడేది బడికెళ్లాకే. రెండేళ్లకు మాట, ఒకటో తరగతికి ముందు చదువు, ధ్యాస పరీక్ష చేయించండి. పిల్లల ఎదుగుదల లోపాలను ముందే పట్టి చికిత్స చేసే, జిల్లాల్లోని ప్రభుత్వ డీఈఐసీ కేంద్రాల్లో ఎదుగుదల పరీక్షలు, స్పీచ్ థెరపీ ఉచితం.