మైక్రోటీచింగ్, సిమ్యులేటర్, సొంత పాఠం వీడియో: కాబోయే టీచర్లకు ఏది మేలు?

కాబోయే టీచర్లకు తరగతి నిర్వహణ నేర్పడానికి ఏ పద్ధతి మంచిదని తోటి అధ్యాపకులు తరచూ అడుగుతుంటారు. ఈమధ్య దానికి ఇంకో ప్రశ్న తోడైంది: సిమ్యులేటర్, అంటే తెర మీద బొమ్మ విద్యార్థులకు పాఠం చెప్పించే పరికరం, కొంటే ఉపయోగం ఉంటుందా అని. ఛాత్రోపాధ్యాయులు, అంటే టీచర్ శిక్షణలో ఉన్నవాళ్లైతే సూటిగానే అడుగుతారు: "లెసన్ ప్లాన్ రాయడం వచ్చేసింది. పిల్లలు మాట వినకపోతే ఏం చేయాలో ఎక్కడ నేర్చుకోవాలి?"

చాలామంది ఈ పద్ధతులను నిజమైన తరగతికి ఏది దగ్గరగా ఉందన్న లెక్కన తూచుతారు. నేను చూసేది వేరు. చేసినదాన్ని తిరిగి చూసుకుని, పక్కనున్నవాళ్లు చెప్పిన ఒక్క మాట పట్టుకుని, అదే పనిని మళ్లీ చేసే అవకాశం ఎందులో ఉంది? నా దృష్టిలో తేల్చేది ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ముందు మైక్రోటీచింగ్. 1963లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్, ఆయన సహచరులు దీన్ని మొదలుపెట్టినప్పుడు దాని ప్రాణమంతా పునర్బోధనలోనే, అంటే అదే పాఠాన్ని మళ్లీ చెప్పడంలోనే ఉంది. కొద్దిమంది పిల్లలకు ఐదు, పది నిమిషాలు పాఠం చెప్పడం, వీడియో చూసి మాట్లాడుకోవడం, సరిదిద్దుకుని మళ్లీ చెప్పడం. అప్పుడు ఎదురుగా కూర్చున్నది నిజమైన బడిపిల్లలు. ఆ తర్వాత చాలాచోట్ల ఆ స్థానంలోకి తోటి ఛాత్రోపాధ్యాయులు వచ్చారు. రెండోసారి చెప్పినట్టు రికార్డు పుస్తకంలో రాసేసుకోవడమే తప్ప, నిజంగా చెప్పడం జరగడం లేదు. ఎంత నష్టమో!

ప్రశ్నలు వేయడం, ఉదాహరణలివ్వడం, బోర్డు వాడకం లాంటి నైపుణ్యాలకు మైక్రోటీచింగ్ ఇప్పటికీ చక్కగా పనికొస్తుంది. తరగతి నిర్వహణ దగ్గరే చిక్కు. స్నేహితురాలు పాఠం చెబుతుంటే ఎవరూ అల్లరి చేయరు. "నువ్వు అల్లరి పిల్లాడిలా నటించు" అంటే మరీ అతిగా నటిస్తారు. నిజమైన పిల్లలు అలా ఉండరు. పెన్సిల్ కింద పడేసి దాన్ని వెతుకుతూ రెండు నిమిషాలు బెంచీ కిందే ఉంటారు. నోట్సు రాస్తున్నట్టే ఉండి పక్కవాడి చెవిలో ఏదో చెబుతారు. పెద్దవాళ్లకు ఇవి నటించడం రాదు.

సిమ్యులేటర్‌లో తెర మీద బొమ్మ విద్యార్థులుంటారు. ఈ రంగంలో పేరున్న టీచ్‌లైవ్‌ను సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రూపొందించారు. అందులో మాట్లాడేది యంత్రమని చాలామంది అనుకుంటారు. కాదు, తెర వెనక శిక్షణ పొందిన ఒక మనిషి. ఇలాంటి అభ్యాసంలో రెండు సుగుణాలున్నాయి. తప్పు చేసినా ఏ పిల్లవాడికీ నష్టం లేదు. పైగా అదే సన్నివేశాన్ని అందరికీ, ఎన్నిసార్లయినా ఇవ్వొచ్చు.

అయితే వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన జూలీ కోహెన్ బృందం 2020లో ప్రచురించిన అధ్యయనాన్ని, సిమ్యులేటర్ గురించి ఆలోచిస్తున్న ప్రతివాళ్లూ చదవాలి. రెండు అభ్యాసాల మధ్య కొద్ది నిమిషాలు కోచ్‌తో మాట్లాడినవాళ్లు పిల్లల ప్రవర్తనను సరిదిద్దడంలో బాగా మెరుగయ్యారు. తమంతట తాము ఆలోచించుకున్నవాళ్లలో ఆ మార్పు కనిపించలేదు. ఇద్దరూ వాడింది అదే సిమ్యులేటర్! కాబట్టి పరికరం కొనడానికి డబ్బుండి, దాని పక్కన కూర్చునే మనిషికి మాత్రం టైం కేటాయించలేని కాలేజీకి నా సలహా ఒకటే: కొనకండి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. తెర మీద ఉండేది ఐదారుగురు. అల్లరి మొదలైన బెంచీ దగ్గరికి పాఠం ఆపకుండా నడిచి వెళ్లి నిలబడటం అనుభవమున్న టీచర్లు రోజంతా చేసే పని. తెర ముందు అడుగులు వేయడం వేరు, నిండు తరగతిలో బెంచీల మధ్య నడవడం వేరు.

ఇక సొంత పాఠం వీడియో, అంటే బడిలో తాము చెప్పిన పాఠాన్ని వీడియో తీసి చూసుకోవడం. నా మొగ్గు ఇటే.

తరగతి పట్టు తప్పినప్పుడు ఛాత్రోపాధ్యాయులకు గుర్తుండేది చివరి క్షణమే, అంటే గోల పెరిగి గొంతు పెంచాల్సి వచ్చిన క్షణం. వీడియోలో దానికి ముందు జరిగింది కనిపిస్తుంది. నేను పదేపదే చూసే దృశ్యం ఇది. టీచర్ "గ్రూపులుగా కూర్చోండి" అంటారు. బెంచీలు జరుగుతాయి, పిల్లలు లేస్తారు. ఆ చప్పుడులోనే ఏం చేయాలో వివరించడం మొదలుపెడతారు. సగం మందికి వినపడదు. "టీచర్, ఏం రాయాలి?" అని నాలుగు మూలల నుంచీ అడుగుతారు. పాఠం అయ్యాక ఆ టీచర్ చెప్పే మాట: "పిల్లలు అస్సలు వినలేదండీ." వీడియో పెట్టి ఆ ముక్క చూపిస్తే నేను పెద్దగా చెప్పాల్సింది ఏమీ ఉండదు. ముందు పని వివరించి, ఒకరి చేత తిరిగి చెప్పించి, ఆ తర్వాతే కదలమనాలని వాళ్లే అంటారు. మర్నాటి పాఠంలో ఆ వరస మారితే తరగతి తీరే మారిపోతుంది.

అమెరికా మనస్తత్వవేత్త జేకబ్ కూనిన్ తరగతుల్లో కెమెరాలు పెట్టి చేసిన పరిశోధనను 1970లో ప్రచురించాడు. అల్లరి జరిగాక టీచర్ ఎలా మందలించారన్నదాన్ని బట్టి మంచి తరగతికీ గందరగోళపు తరగతికీ తేడా తెలియలేదు. తరగతి నలుమూలలా ఏం జరుగుతోందో ఎరిగి ఉండటంలో, ఒక పని నుంచి ఇంకో పనికి తడబడకుండా తీసుకెళ్లడంలో ఆ తేడా ఉంది. అవి కనపడాలంటే వెనక్కి తిప్పి చూడాల్సిందే.

టెక్నాలజీని వేరే పేపరుగా నేర్పాలా అనే ప్రశ్నకు జవాబు కూడా నాకు వీడియోల్లోనే దొరికింది. గమనించి చూడండి, చాలా తరగతుల్లో గోల మొదలయ్యేది టీచర్ లాప్‌టాప్ మీదికి వంగినప్పుడే. పాస్‌వర్డ్ కొట్టడం, ఫైలు వెతకడం, కేబుల్ సరిచేయడం. అంతసేపూ పిల్లల చేతిలో పనేమీ ఉండదు. స్లైడ్లు తయారుచేయడం ఎంత బాగా నేర్పినా ఈ ఖాళీ నిండదు. తెర వెలిగేలోపు నోట్సులో రాయాల్సిన ఒక ప్రశ్న బోర్డు మీద ఉండాలి. ఫైలు ముందే తెరిచి ఉంచాలి. పిల్లలు తమలో తాము మాట్లాడుకోవాల్సిన సమయంలో తెర ఆర్పేయాలి. పవర్‌పాయింట్‌లో స్లైడ్‌షో నడుస్తుండగా బి కీ నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. పిల్లల చేతుల్లో ట్యాబ్‌లుంటే, "మూత వేయండి" అన్న మాట మొదటిరోజు నుంచే అలవాటు కావాలి. మిశ్రా, కోహ్లర్ అనే పరిశోధకులు 2006లో సబ్జెక్టు, బోధన, టెక్నాలజీ జ్ఞానాలు మూడూ కలిసే పనిచేస్తాయని వివరించారు. నేనైతే ఆ వరసలో తరగతి నిర్వహణను కూడా కూర్చోబెడతాను.

వీడియోకున్న పెద్ద లోటు చెప్పకపోతే అన్యాయం. జరిగిన క్షణం తిరిగి రాదు. రేపటి తరగతిలో అదే పరిస్థితి వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే వీడియోలో పట్టుకున్న ఆ ఒక్క ముక్కనే మర్నాడు తోటివాళ్ల ముందు నిలబడి మళ్లీ చేయించాలి. పాఠమంతా అక్కర్లేదు, సూచనలిచ్చే ఆ రెండు నిమిషాలు చాలు. మైక్రోటీచింగ్‌కు సరైన చోటు ఇక్కడ దొరుకుతుంది. అల్లరి నటించమని ఎవరినీ అడగక్కర్లేదు కూడా.

ఇంకో లోటు, తమను తాము తెరమీద చూసుకోవడమంటే మొదట్లో అందరికీ టెన్షనే. గొంతు, నడక, చీర కుచ్చిళ్లు తప్ప ఇంకేమీ కనపడవు. మొదటిసారి ఒంటరిగా చూసుకోనివ్వాలి. రెండోసారి పక్కన కూర్చుని, "మిమ్మల్ని కాదు, కిటికీ పక్క బెంచీని చూడండి" అనాలి.

ఆన్‌లైన్ కోర్సులు నియమాలు, పరిభాష తెలుసుకోవడానికి సరిపోతాయి. చాట్‌బాట్‌తో పిల్లవాడిలా మాట్లాడించడం కష్టమైన సంభాషణకు రిహార్సల్‌గా పనికొస్తుంది, తరగతికి కాదు. సీనియర్ల పాఠం చూడటం మంచిదే, కానీ ఏం చూడాలో ముందు చెప్పి పంపాలి.

సిమ్యులేటర్ ఇప్పటికే ఉన్నవాళ్లు, ఛాత్రోపాధ్యాయులను బడికి పంపే ముందు వారాల్లో, పక్కన కోచ్‌ను కూర్చోబెట్టి దాన్ని వాడండి. లేనివాళ్లకు ఒక ఫోన్, ఒక స్టాండు చాలు. బడి నుంచీ తల్లిదండ్రుల నుంచీ రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కెమెరాను తరగతి పక్క గోడ దగ్గర, టీచర్, పిల్లలు ఇద్దరూ కనపడేలా పెట్టండి. వెనక గోడ దగ్గర పెడితే పిల్లల వీపులే కనిపిస్తాయి. వీడియో అంతా చూడబోకండి, మూడు నాలుగు నిమిషాల ముక్క ఎంచుకోండి. పని అయ్యాక దాన్ని చెరిపేయండి, వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పంచవద్దు.