శ్రీకాకుళం కథానిలయంలో రెండు రోజులు

విజయనగరంలో గురజాడ అప్పారావు గారు నివసించిన ఇంటిని చూసుకొని, మధ్యాహ్నం ఆర్టీసీ బస్సులో, తెలుగు కథల గ్రంథాలయమైన కథానిలయం ఉన్న శ్రీకాకుళం చేరాను. రైలులో వచ్చేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ‘శ్రీకాకుళం రోడ్’ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. అక్కడి నుంచి పట్టణానికి సుమారు 13 కిలోమీటర్లు మళ్లీ బస్సో ఆటోనో ఎక్కవలసిందే. సామాను ఉన్నవారికి నేరుగా పట్టణంలోని ఆర్టీసీ బస్టాండు కాంప్లెక్సులో దింపే బస్సే సుఖం.

కాంప్లెక్సుకు దగ్గరలోని ఒక లాడ్జిలో దిగాను. గది శుభ్రంగానే ఉంది గాని, వీధి వైపు కావడంతో రాత్రంతా హారన్ల మోత. లోపలి వైపు గది అడిగి తీసుకోవడం మంచిది. ఆదివారం అరసవల్లి సూర్యనారాయణ స్వామి దర్శనానికి జనం విశేషంగా వస్తారు కనుక, పుస్తకాల కోసం వచ్చేవారు వారం మధ్యలో రావడం మేలు.

నేను వచ్చింది కథానిలయం కోసం. మురపాక గ్రామంలో 1924లో పుట్టి, విశాఖపట్నంలో బడిపంతులుగా పనిచేసిన ప్రసిద్ధ కథకులు కాళీపట్నం రామారావు గారు, అచ్చయిన ప్రతి తెలుగు కథా ఒక్కచోట దొరకాలన్న పట్టుదలతో, తనకు వచ్చిన పురస్కారాల సొమ్మును వెచ్చించి 1997 ఫిబ్రవరి 22న దీనిని ప్రారంభించారు. మన కథల్లో చాలా భాగం పుస్తకరూపం చూడకుండా వార, మాస పత్రికల్లోనే ఉండిపోయాయి. ఆ కాగితం పొడిబారి విరిగిపోతే కథ కూడా పోయినట్టే. అందుకే మాస్టారు పాత సంచికల కోసం ఊరూరా పాఠకులనూ రచయితలనూ అడిగారు, ఎందరో తమ ఇళ్లలోని కట్టలు పంపారు. 2021 జూన్ 4న ఆయన కన్నుమూసిన తర్వాత కూడా సాహిత్యాభిమానులు ఆ పనిని కొనసాగిస్తున్నారు. వేల కథలు వెబ్‌సైటులో చదువుకోవచ్చు. అయినా గోడల మీది కథకుల ఛాయాచిత్రాల మధ్య కూర్చుని చదివితే కలిగే ఆప్యాయత వేరు.

మా నాన్నగారు యౌవనంలో రెండు కథలు రాశారని ఇంట్లో చెప్పుకునేవారు, మేమెవరమూ చదవలేదు. అక్కడ ఉన్నాయన రచయిత పేరు అడిగి, వివరాలు వెతికి, కాసేపటికి ఒక పాత వారపత్రిక సంచికను రెండు చేతులతో జాగ్రత్తగా తెచ్చి నా ముందుంచారు. నాన్నగారి పేరు అచ్చులో చూడడం నాకు అదే మొదలు. ఆ కథను రెండుసార్లు చదివాను, మర్నాడు వెళ్లి మూడోసారీ చదివాను. ఇలాంటి చోటికి బస్సుకూ బస్సుకూ మధ్య రెండు గంటలు చిక్కాయని వెళ్లకూడదు. జీతం కోసం కాక ఇష్టంతో చేసేవారు నడిపే చోటు కనుక ముందుగా ఫోను చేసి, రోజంతా కేటాయించుకొని వెళ్లాలి.

రెండో కథ మాత్రం వారి దగ్గర లేదు. “మీ ఇంట్లో పాత పెట్టెలు ఒకసారి చూడండి బాబూ” అన్నారాయన. ఇంటికి వచ్చి అటక మీది ట్రంకుపెట్టె దింపితే, అడుగున అట్ట ఊడిన సంచిక కనిపించింది. దానిని నిన్ననే స్పీడ్ పోస్టులో శ్రీకాకుళానికి పంపాను.