రక్తం పలచబడే మాత్రలు: వార్ఫరిన్, కొత్త మందులు, ఆస్పిరిన్‌లలో ఏది మేలు?

గుండె లయ తప్పిన మనిషికి డాక్టర్ రక్తం పలచబడే మాత్ర రాయగానే ఇంట్లోవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది: "రక్తస్రావం అయితే ఎలా?" ఆ భయంలో తప్పేమీ లేదు. కానీ ఆ భయంతోనే చాలామంది "ఘాటు మందులొద్దు, ఆస్పిరిన్ చాల్లే" అని సర్దుకుంటారు. నాకు బాధ కలిగించేది అదే.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఈ లయ తప్పే జబ్బులో గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతుంటాయి. ఎడమ పై గదికి అంటుకుని చిన్న సంచిలాంటి భాగం ఒకటి ఉంటుంది. రక్తం అక్కడ నిలిచిపోయి గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ జబ్బున్నవారికి పక్షవాతం ముప్పు దాదాపు 5 రెట్లు. నిలిచిన రక్తంలో పుట్టే గడ్డలో ఫైబ్రిన్ అనే పీచు పదార్థమే ఎక్కువ. ఆస్పిరిన్ పనిచేసేదేమో ప్లేట్‌లెట్ల మీద, అంటే ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టే చిన్న రక్తకణాల మీద. అందుకే పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే వార్ఫరిన్ పక్షవాతాన్ని సుమారు 64 శాతం తగ్గించగా, ఆస్పిరిన్ తరహా మందులు 22 శాతం దగ్గరే ఆగిపోయాయి.

పోనీ రక్తస్రావమైనా తక్కువా అంటే, అదీ కాదు. 2011లో వెలువడిన అవెరోస్ పరిశోధనలో, వార్ఫరిన్ పడదనుకున్న రోగుల్లో కొందరికి కొత్త మందుల్లో ఒకటైన అపిక్సబాన్, కొందరికి ఆస్పిరిన్ ఇచ్చారు. అపిక్సబాన్ వాడినవారిలో పక్షవాతాలు సగానికి పైగా తగ్గాయి. పెద్ద రక్తస్రావాలు ఏడాదికి 1.4 శాతం, ఆస్పిరిన్‌తో 1.2 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. స్టెంట్ వేయించుకున్నవారి లెక్క వేరు. గడ్డలు మెదడుకు పోకుండా ఆపడానికి మాత్రం ఆస్పిరిన్‌ను పోటీలోంచి తీసేయొచ్చు.

మిగిలింది వార్ఫరిన్, కొత్త మాత్రల మధ్య పోటీ. వార్ఫరిన్ 1954 నుంచి మనుషులకు వాడుకలో ఉంది. రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ రక్తపరీక్ష చేసి, సాధారణంగా అది 2 నుంచి 3 మధ్య ఉండేలా మోతాదు సర్దుతారు. ఆకుకూరలు ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ తిన్నా, కొన్ని యాంటీబయాటిక్స్ వాడినా ఆ అంకె కదిలిపోతుంది. డాబిగాట్రాన్, రివరోక్సబాన్, అపిక్సబాన్ లాంటి కొత్త మాత్రలకు ఈ బెడద తక్కువ, ఐఎన్ఆర్ అక్కర్లేదు. 18,201 మందితో జరిగిన అరిస్టాటిల్ పరిశోధనలో అపిక్సబాన్ వార్ఫరిన్ కంటే పెద్ద రక్తస్రావాలను 31 శాతం తగ్గించింది. అన్నిటికంటే ప్రమాదకరమైన మెదడులో రక్తస్రావం కొత్త మందులతో దాదాపు సగమే. వాల్వ్ జబ్బు లేని ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు నా ఓటు వీటికే.

అయితే వాల్వ్ దగ్గర ఈ తీర్పు తిరగబడుతుంది. మా అమ్మకు లోహపు వాల్వ్ ఉంది. "ఇంకా ఆ పాత మందేనా, మార్పించండి" అని సలహా ఇచ్చినవాళ్లు చాలామందే. లోహపు వాల్వ్ ఉన్నవారికి డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన పరిశోధనను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. గడ్డలూ పెరిగాయి, రక్తస్రావమూ పెరిగింది. రుమాటిక్ గుండె జబ్బుతో (రుమాటిక్ జ్వరం వల్ల వాల్వ్‌లు పాడయ్యే జబ్బు) లయ తప్పినవారిలో కూడా, 2022లో వచ్చిన ఇన్‌విక్టస్ ఫలితాల ప్రకారం, రివరోక్సబాన్ కంటే వార్ఫరిన్ తరహా మందులు వాడినవారిలోనే మరణాలు తక్కువ. ఈ ఇద్దరికీ వార్ఫరినే సరైన మందు. దాన్ని పాతదని చిన్నచూపు చూడకండి.

ఇంకో తేడా మతిమరుపు దగ్గర. కొత్త మాత్రల ప్రభావం సుమారు 12 గంటల్లో సగానికి పడిపోతుంది. రెండు పూటలు మరిస్తే రక్షణ దాదాపు పోయినట్టే. వార్ఫరిన్ నెమ్మదిగా దిగుతుంది. కిడ్నీలు బలహీనమైతే డాబిగాట్రాన్ ఒంట్లో పేరుకుంటుంది, ఎందుకంటే అది 80 శాతం వాటి గుండానే పోవాలి. అపిక్సబాన్ పావు వంతుకు కాస్త ఎక్కువే కిడ్నీల మీద ఆధారపడుతుంది.

ఊపిరితిత్తుల్లో గడ్డ, అంటే పల్మనరీ ఎంబోలిజం ఉన్నవారిలో చాలామందికి కూడా కొత్త మాత్రలే మేలు. ఒక పెద్ద పరిశోధనలో పెద్ద రక్తస్రావాలు అపిక్సబాన్‌తో 0.6 శాతం, పాత పద్ధతితో (ముందు ఇంజెక్షన్లు, తర్వాత వార్ఫరిన్) 1.8 శాతం. చికిత్స కనీసం 3 నెలలు. మొదట్లో మోతాదు ఎక్కువ ఉంటుంది: అపిక్సబాన్‌కు 7 రోజులు, రివరోక్సబాన్‌కు 21 రోజులు. ఆ తర్వాత తగ్గించడం మరిచిపోకూడదు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నవారు మాత్రం ముందే డాక్టర్‌కు చెప్పాలి. అది కొత్త మాత్రల బలాన్ని బాగా తగ్గించేస్తుంది, ఎంత తగ్గిందో ఐఎన్ఆర్‌లో కనిపించదు. వార్ఫరిన్ బలమూ తగ్గుతుంది గానీ, పరీక్ష చూసి మోతాదు పెంచుకునే వీలుంది.

ఏ మాత్ర వాడుతున్నా ఒళ్లునొప్పులకు ఇబుప్రొఫెన్, డైక్లోఫినాక్ సొంతంగా వేసుకోవద్దు. మలం తారులా నల్లగా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. చిగుళ్ల నుంచి కాస్త రక్తం వచ్చిందని మాత్ర మీరే ఆపేయకండి, ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి.